పెరుగు తోడుకోని ఊరు

దమయంతి ఇంట్లో పెరుగు తోడుకోని మొదటి రోజున తిట్లు తిన్నవాడు పాలవాడు. రెండో రోజున చలిని తిట్టారు, అది చలికాలం కాకపోయినా. మూడో రోజున కూతురు ప్రసూన గిన్నె తెచ్చి తల్లి ముందు వంచి చూపించింది. పాలు పాలలాగే జారాయి. పలచగా, తియ్యగా, ఇప్పుడే పితికి తెచ్చినట్టున్నాయి.

"అమ్మా, నీకు బురద మీద డాక్టరేట్ ఇచ్చారు గానీ పాలు తోడెయ్యడం మాత్రం రాదే," అంది ప్రసూన, ఏడో నెల పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ.

దమయంతి ఆ మాటకు ఉడుక్కుంది. గిన్నె తోమి, కడిగి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని పక్కింటికి బయల్దేరింది. పక్కింటి సన్యాసమ్మ మొగుడు ఆవలో చేపలు పడతాడు. ఆవ అంటే ఉత్తరాంధ్రలో చిన్న సరస్సు. మొగలివలస ఊరంతా ఆ ఆవ ఒడ్డునే ఉంది.

"ఏటి దమయంతమ్మా, మీకూ తోడుకోనేదా?" అంది సన్యాసమ్మ. "మాదీ నిన్న అంతే. ఎదురింటోళ్ళ కాడ అట్టుకొచ్చినాను. ఇందండి, కొంచెం ఉంచినాను."

ఆమె తన తోడు గిన్నెలోంచి ఓ గరిటెడు తీసి దమయంతి గిన్నెలో వేసింది. అంటుకున్నది రాలడానికి గరిటెను గిన్నె అడుక్కి రెండుసార్లు రాసి, మళ్ళీ తన తోడులోనే పెట్టుకుంది. తోడు అడగడానికి ఆ ఊళ్ళో ఎవరికీ మొహమాటం లేదు. ఒక ఇంట్లో పోతే పక్కింటికి, అక్కడా లేకపోతే ఆ పైఇంటికి వెళ్తారు. గిన్నె మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకుంటారు. శుభ్రంగా కడిగిన గిన్నె, ఆవ నీళ్ళతో కడిగిన గిన్నె. ఇదంతా దమయంతి కళ్ళెదురుగానే జరిగింది. చూసి కూడా ఆమెకు ఏమీ తట్టలేదు. నాలుగు మాటలు మాట్లాడి ఇంటికి వచ్చేసింది.

తట్టకపోవడానికి కారణం, ఆ రోజుల్లో ఆమె సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్న మనిషికి గిన్నెలు కనపడవు.

ఒకప్పుడు ఆ ఆవ పక్కనుంచి వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. ఏళ్ళ తరబడి రాలిన ఆకులూ, తామర తూళ్ళూ, గుర్రపు డెక్కా, చచ్చిన చేపలూ అడుక్కి చేరి, అక్కడ గాలి సోకక సగం కుళ్ళి సగం కుళ్ళక, కాటుకలాంటి బురదగా పేరుకున్నాయి. ఎండలు ముదిరేసరికి ఆ బురద కడుపులో దాచుకున్నదంతా కక్కేది. నీటి మీద పచ్చటి తెట్టు కట్టేది, చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలేవి, కుళ్ళిన గుడ్ల కంపు ఇళ్ళలోకి వచ్చేది. దమయంతి భర్త పోయాక విశాఖపట్నం వదిలి, ఈ బురద కోసమే ఇక్కడ చిన్న లేబొరేటరీ పెట్టించుకుని ఉండిపోయింది. బురద గురించి మాట్లాడేటప్పుడు ఆమె మొహం, పిల్లల గురించి చెప్పే తల్లి మొహంలా ఉండేది.

ఆమె కనిపెట్టిన మందుకు లేబొరేటరీలో ఏదో పొడుగాటి పేరుండేది. పడవవాళ్ళు దాన్ని కట్టు అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. అది సూక్ష్మజీవి కాదు. ఇనుమునూ, బురదలోనే ఉండే నల్లటి ఆమ్లాలనూ కలిపి ఆమె అల్లిన వల, కంటికి ఆనని వల. కుళ్ళబెట్టే రసం ఎక్కడ తగిలితే అక్కడ దాన్ని పట్టి బిగిస్తుంది. ఆ బిగింపులో తనలాంటి వల ఇంకొకటి పుడుతుంది. తాటి దోనెలో కూర్చుని, చెంబులో కలిపిన కట్టును ఆవ మధ్యలో వంచిన రోజున, తెడ్డు వేస్తున్న సన్యాసమ్మ మొగుడు అడిగాడు.

"ఇంత ఆవకి ఆ సెంబుడు సాల్తాదేటమ్మా?"

"గిన్నెడు పాలకి చుక్క తోడు చాలదూ? ఇదీ అంతే," అంది దమయంతి.

చాలింది. ఏడాది తిరక్కుండానే ఆవ అద్దంలా తేటపడింది. బుడగలు ఆగిపోయాయి, కంపు పోయింది. పొద్దున పట్టిన చేప సాయంత్రం దాకా ఎండలో ఉన్నా ఈగ వాలలేదు. ఊరివాళ్ళు ఆమెకు శాలువా కప్పారు. డబ్బాల నీళ్ళు కొనడం మానేసి బిందెలతో ఆవ నీళ్ళు మోసుకున్నారు. సరిగ్గా అప్పుడే ప్రసూనకు ఏడో నెల వచ్చింది. మొదటి పురుడు పుట్టింట్లోనే జరగాలంది దమయంతి. హైదరాబాదులో మంచి ఆసుపత్రి చూసిపెట్టానని అల్లుడు మురళీధర్ అంటే వినలేదు. "ఇక్కడి గాలి చూశాక మీరే అంటారు బాబూ, మంచిపని చేశారత్తయ్యా అని," అంది. పట్టుబట్టి, స్వయంగా వెళ్ళి కూతుర్ని తీసుకొచ్చింది.

అరువు తోడు కూడా తోడుకోలేదు. ఆ వారంలోనే దమయంతి బురద నమూనా తీసింది. పొడవాటి గొట్టాన్ని ఆవ అడుగులోకి దించి, నిలువునా బురదను పైకి లాగి, బల్ల మీద పడుకోబెట్టి కోసి చూడటం ఆమె పని. పైపొరలన్నీ ఆమె ఆశించినట్టే ఉన్నాయి. నల్లగా, చల్లగా, వాసన లేకుండా ఉన్నాయి. ఇనుము అయిపోయిన చోట, గాలి సోకిన చోట కట్టు తనంతట తాను ఆగిపోవాలని ఆమె లెక్క. గొట్టం అడుగుపొరలో, కట్టు ఎన్నటికీ చేరకూడని చోట, ఒక తామరాకు కనపడింది. ఎంత పాతదో తెలియదు గానీ ఈనెలతో సహా చెక్కుచెదరలేదు. గొట్టాన్ని కడిగిన, గాలి సోకే కుళాయి నీటినీ పరీక్షకు పెట్టింది. అందులోనూ కట్టు ఉంది. ఎవరి ఇనుమూ అక్కర్లేకుండా, తన ఇనుమునే తాను పంచుకుంటూ పెరుగుతోంది.

ఆమె ఇంకా ఆ బల్ల దగ్గర నిలబడి ఉండగానే సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మీ కాడేమైనా మిగిలిందేటమ్మా? ఊరంతా తిరిగినాను, ఎవుళింటా నేదు. మా ఎనకీది వాళ్ళకి నిన్న నానే ఇచ్చినాను, ఈ రోజు వాళ్ళదీ పోయినాది."

దమయంతి ఆమె చేతిలోని తడి గిన్నె వంక చూసింది. మరిగిస్తే చావడానికి కట్టు ప్రాణి కాదు. కాచిన పాలలోనూ ఉంటుంది, కడిగిన గిన్నెలోనూ ఉంటుంది. తోడు పోయిన ఇల్లు, పోని ఇంటికి గిన్నె పట్టుకుని వెళ్ళింది. గిన్నెలోని తడి గరిటెకు అంటింది, గరిటె వెళ్ళి ఆ ఇంటి తోడులో మునిగింది. ఊరు ఊరంతా ఒకరికొకరు సాయం చేసుకుంటూ కట్టును ఇంటింటికీ మోసుకెళ్ళింది. అందులో తన గిన్నె కూడా ఉంది.

ఆ మధ్యాహ్నమంతా ఎండలో ఇల్లిల్లూ తిరిగి పెరుగు గురించి అడిగింది. జనం ఆమెకు మతిపోయిందనుకున్నారు. కాలవ మీది వంతెన దాటాక మొదటి ఇంట్లో గడ్డపెరుగు ఉంది. ఆ పై ఇంట్లోనూ ఉంది. వంతెన అవతలి వాళ్ళకూ ఇవతలి వాళ్ళకూ చేపల వలల దగ్గర మొదలైన తగువుంది. పెళ్ళికి పిలుపుల్లేవు, తోడు ఇచ్చిపుచ్చుకోవడాల్లేవు, ఆవ నీళ్ళు వాళ్ళు ముట్టరు. ఆ పాడు తగువే లోకాన్ని కాపాడింది.

ఇంటికి వచ్చి బయటి పాల ప్యాకెట్టు తెప్పించింది. వంతెన అవతలి తోడును కొత్త స్పూనుతో, కొత్త గ్లాసులో తెప్పించుకుంది. ఒక గ్లాసులో తన ఉమ్మి, ఇంకోదాంట్లో ప్రసూన ఉమ్మి చుక్క కలిపి, మూడోదాన్ని ఉత్తగా ఉంచింది. మూడోది గట్టిగా తోడుకుంది. మిగతా రెండూ పాలలాగే ఉన్నాయి.

కూతుర్ని అప్పటికప్పుడు బస్సెక్కించి పంపేద్దామన్న ఆలోచన ఆమెకు రాలేదంటే అబద్ధం. బ్యాగు కూడా తీసింది. ఎదురుగా ప్రసూన మంచం మీద పడుకుని, చెవిలో ఫోను పెట్టుకుని మొగుడితో ఏదో చెప్పి నవ్వుతోంది. ఈ పిల్ల హైదరాబాదులో ఒక గిన్నె కడిగితే ఏమవుతుంది? దమయంతి బ్యాగు మళ్ళీ అటక మీద పెట్టి, లేబొరేటరీ పెట్టించిన పెద్దాఫీసుకు ఫోను చేసి, ఊరిని మూసెయ్యమంది.

కంచె ఎంత వేగంగా లేచిందో చూసి ఊరు బిత్తరపోయింది. వంతెన ఇవతల ఇనుప వల, దానికి ఆవల మట్టికట్ట, దానికి ఆవల తెల్ల సూట్లలో మనుషులు. లోపలికి ఏదైనా వస్తుంది. బయటికి ఏదీ వెళ్ళదు. మనిషి, మేక, ఉత్తరం, చెప్పుకు అంటిన మట్టి, ఏదీ. పక్షులు రాకుండా ఆవ మీద కూడా వల కప్పారు. వల కింద ఆవ అడుగు స్పష్టంగా కనపడేది. రాలిన ఆకులు రాలినట్టే, చచ్చిన చేపలు కళ్ళు తెరుచుకున్నట్టే అక్కడ పరుచుకుని ఉండేవి. చూడబుద్ధయ్యేది కాదు, చూడకుండా ఉండబుద్ధీ అయ్యేది కాదు.

పెంటకుప్ప ఎరువు కాలేదు. ఇడ్లీపిండి పొంగలేదు. మరుగుదొడ్ల గోతులు నిండిపోయాయి. మనుషులు చిక్కిపోయారు. చీకటిగా, గాలి సోకకుండా, తిన్నదాన్ని విరగ్గొట్టి ఒంటికి అందించే పేగు కూడా ఒక చిన్న ఆవే. కట్టుకు ఆ తేడా తెలియదు. పెద్దవాళ్ళు బయటినుంచి వచ్చే బిళ్ళలతో, ముందే అరిగించిన పొడులతో నెట్టుకొస్తున్నారు. దమయంతి పగలంతా లేబొరేటరీలో కూర్చుని కట్టును విప్పే మందు కోసం వెతికింది. ఆమ్లం పోసింది, ఉప్పు పోసింది, మంట పెట్టింది. మంటకు కట్టు కాలింది గానీ దాంతోపాటు బురదా కాలింది. మనిషికి మంట పెట్టలేం కదా.

"శాలువా కప్పినాం మీకు," అంది సన్యాసమ్మ ఒకరోజు, దడి అవతలినుంచి. తిట్టలేదు.

ప్రసూన తల్లితో మాట్లాడటం మానేసింది. రోజూ సాయంత్రం కంచె దాకా నడిచేది. మురళీధర్ కట్ట మీద నిలబడేవాడు. ఇద్దరూ ఒకరికొకరు కనపడుతూనే ఫోనులో మాట్లాడుకునేవాళ్ళు.

సన్యాసమ్మ గేదె ఈనింది. నల్లటి దూడ, నుదుట చిన్న చుక్క. పుట్టగానే లేచి తల్లి పొదుగులో మూతి పెట్టి కడుపారా తాగింది. ప్రసూన రోజూ వెళ్ళి దాని మెడ నిమిరేది. తాగుతూనే దూడ ఎండిపోయింది. బిళ్ళ మింగదు, పొడి అరగదు. పొదుగు దగ్గరే ముందుకాళ్ళ మీద కూలబడి పోయింది. పాతిపెట్టడానికి వీల్లేదన్నారు. ఎండలో అలా రోజుల తరబడి, నిద్రపోతున్నట్టే పడి ఉంది.

ఆ సాయంత్రం ప్రసూన కంచె దగ్గరికి వెళ్ళలేదు. లేబొరేటరీకి వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"నా కడుపులో ఉన్నదానికి కూడా అంటిందా అమ్మా?"

"లేదు," అంది దమయంతి. "మాయ దాటి పోలేదది. పుట్టని బిడ్డ పేగులో కట్టు పట్టుకోవడానికి ఇంకా ఏమీ ఉండదు."

"పుట్టాక?"

"నీ చెయ్యి తగిలితే, నీ పాలు తాగితే..." అంది దమయంతి.

ప్రసూన బల్ల మీది గాజు గొట్టాల వంక చూసింది. "అయితే పంపించెయ్యి. తాకకుండానే పంపించెయ్యి. నేను ఏడ్చినా సరే, కాళ్ళు పట్టుకున్నా సరే, ఇవ్వకు." ఆ తరవాత తల్లి వైపు తిరిగింది. "మంచిగాలి ఉందని తీసుకొచ్చావు కదే నన్ను."

దమయంతి లేచి బల్ల ఇవతలికి వచ్చింది. కూతురి తల మీద చెయ్యి వెయ్యబోయింది. ప్రసూన తల తిప్పుకోలేదు, అదే చాలనిపించింది.

కంచెకు ఆనించి గుడారం వేశారు. సూట్లు వేసుకున్న డాక్టర్లు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తీసింది తీసినట్టే గాజు పెట్టెలో పెట్టి మూత బిగించారు. ప్రసూన మత్తులోంచే మెడ తిప్పి చూసింది. పెట్టెలో గుప్పెడంత మనిషి, ఎర్రగా, కోపంగా ఏడుస్తోంది. గాజు వల్ల ఏడుపు వినపడలేదు.

ఇక మిగిలింది పరీక్ష. బిడ్డ నోట్లో తిప్పిన దూది పుల్లను బయటి పాలలో ముంచి, బయటి తోడు వేసి చూడాలి. తోడుకుంటే బిడ్డ బయటికి, తోడుకోకపోతే బిడ్డ లోపలే. బయటికి ఏదీ వెళ్ళకూడదు కాబట్టి ఆ గ్లాసు కూడా లోపలే ఉండాలి. చూసి చెప్పాల్సింది దమయంతే. ఆ పరీక్ష కనిపెట్టింది ఆమే కాబట్టి ఎవరూ ఆమె మాటను మళ్ళీ అడగరు.

గ్లాసు మీద మూత పెట్టి, గుడ్డ చుట్టి, కూతురి మంచం పక్కనే స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. ఎండ గుడారం మీదినుంచి మెల్లగా అటువైపు వాలింది. పెరుగు కావాల్సిన వేళకు మూత తీసింది. గ్లాసు వంచితే పాలు కదిలాయి.

ప్రసూన చూసింది. ఆమె మొహం విచ్చుకుంది. పాపం, దాచుకుందామన్నా దాగలేదు.

"తోడుకోలేదు కదూ? అయితే నా దగ్గరే ఉంటుంది. దూడ సంగతి వేరమ్మా, నువ్వు ఏదో ఒకటి కనిపెడతావు. ఇటివ్వమను. ఒక్కసారి ఇటివ్వమను."

"ఇంకాసేపు చూడాలి."

"చూసేదేముంది? కనపడుతోంది కదా! తోడుకోలేదని చెప్పు చాలు. నిన్నెవరూ అడగరు. నువ్వే కదా నన్నిక్కడికి తెచ్చావు? నాకిది బాకీ ఉన్నావే నువ్వు."

గుడారం తలుపు దగ్గర తెల్ల సూటు మనిషి ఇటే చూస్తున్నాడు. దమయంతి గొంతు దాకా వచ్చింది ఆ మాట. ఎంత సులువైన మాట! కూతురి ఒళ్ళో మనవరాలు ఉంటుంది. ఆ పిల్ల వేళ్ళు తను పట్టుకోవచ్చు, జోల పాడచ్చు, కొన్నాళ్ళయినా. ఆ కొన్నాళ్ళూ గడిస్తే? పొదుగు దగ్గర కూలబడిన దూడ కళ్ళముందు మెదిలింది. ఆమె గ్లాసు మీద మళ్ళీ మూత పెట్టి, గుడ్డ చుట్టి, రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది. వెచ్చదనం చాల్లేదేమోనని తనకు తాను చెప్పుకుంది. తోడుకోవాలని కోరుకుంటోందో, తోడుకోకూడదనో ఆమెకే తెలియలేదు.

మళ్ళీ మూత తీసినప్పుడు గ్లాసు వంచింది. కదల్లేదు. ఇంకా వంచింది. అంచు దగ్గర చిన్న చీలిక ఇచ్చి, తేట ఊరింది. నెలల తరబడి ఆ కంచె లోపల ఎవరూ పీల్చని పుల్లటి వాసన ఆమె ముక్కుకు తగిలింది. ప్రసూనకూ తగిలింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"తోడుకుంది," అంది దమయంతి తలుపు వైపు తిరిగి. రెండోసారి గట్టిగా అనాల్సి వచ్చింది.

ప్రసూన కేకలు పెట్టింది. మాట మార్చమంది, కాళ్ళు పట్టుకుంటానంది, నువ్వు తల్లివేనా అంది. దమయంతి ఆమెను రెండు చేతులతో మంచానికి అదిమిపట్టి, కుట్లు తెగకుండా పట్టుకుని, తనూ ఏడుస్తూ, వదల్లేదు. గాజు పెట్టెను గుడారం రెండో తలుపులోంచి తీసుకెళ్ళారు. కట్ట మీద మురళీధర్ పెట్టెను ఒళ్ళోకి తీసుకుని, అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. కాసేపటికి మూత తీశారు. అప్పుడు వినపడింది ఏడుపు, గాలికి అలలు అలలుగా, కంచె దాటి లోపలికి. ప్రసూన పెనుగులాట ఆపి ఆ ఏడుపు విన్నది. కారు కదిలి దూరమయ్యేదాకా ఇద్దరూ విన్నారు.

పాలు పడకుండా బిళ్ళలు పంపించారు. ప్రసూన వాటిని తీసుకుని కిటికీలోంచి విసిరేసింది. ఒంటినిండా పాలు వచ్చి రవికలు తడిసిపోతుంటే, లేబొరేటరీలోంచి ఖాళీ గాజు సీసాలు అడిగి తెప్పించుకుంది. గోడ వైపు తిరిగి కూర్చుని పిండి, మూత బిగించి, గూట్లో వరుసగా పెట్టడం మొదలుపెట్టింది. దమయంతి వద్దనలేదు. వారం తిరిగేసరికి గూడు నిండిపోయింది. మొదటి సీసాలోని పాలకూ, ఆ పూట పాలకూ తేడా ఏమీ లేదు.

"ఇవి పాడవవు కదమ్మా?" అంది ప్రసూన. కూతురు తనతో మాట్లాడటం పాప వెళ్ళాక అదే మొదటిసారి.

"పాడవవు."

"ఏడాదికైనా?"

"ఎన్నేళ్ళకైనా," అంది దమయంతి. అబద్ధం చెప్పలేదు. ఆమె మందు గురించి ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆ పాలు ఎవరు తాగాలి, ఎప్పుడు తాగాలి అని ప్రసూన అడగలేదు. చేతిలో సీసా నిండింది. దమయంతి ఇంకొకటి కడిగి ఇచ్చింది.